వలసకు కులం లేదా?
మద్దిలపాలెం వైపు నుంచి విశాఖ చరిత్ర

విశాఖపట్నం చరిత్ర పేరుతో వచ్చే పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, కాలేజీ సావనీర్లు తిరగేస్తే చాలావాటిలో ఒకే వాక్యం ఎదురవుతుంది: ఒకప్పుడు ఇదొక చిన్న మత్స్యకార పల్లె. ఆ వాక్యం అయిపోగానే మత్స్యకారుల పని కూడా అయిపోతుంది. మళ్లీ చివరిదాకా వాళ్లు కనపడరు. ఆ తర్వాత వరసగా డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, విజయనగరం రాజులు, 1926లో పుట్టి 1930లో వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1933లో రేవు, 1941లో సింధియా షిప్‌యార్డు శంకుస్థాపన, 1957లో కాల్టెక్స్, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఊరు దానంతటదే పెరిగినట్టు, రాళ్లు వాటంతటవే దొర్లుకొచ్చి గోడలైనట్టు ఉంటుంది ఆ కథనం.

1931లో అరవై వేల జనాభా కూడా లేని పట్నం 1951కి లక్ష దాటింది. 2011 నాటికి మహానగర పరిధిలో పదిహేడు లక్షల పైచిలుకు. వీళ్లంతా ఇక్కడ పుట్టి ఇక్కడే పెరిగిన కుటుంబాలు కావు. వలసల ప్రసక్తి లేకుండా విశాఖ చరిత్ర రాయటం కుదరదని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, అన్ని ప్రాంతాలవాళ్లూ కలిసిమెలిసి బతికే నగరం అని ఒక మాట రాసి ఊరుకుంటారు. మా పేచీ సరిగ్గా ఇక్కడే. ఎవరొచ్చారు, ఏ కులం నుంచి, ఏ ఊరి నుంచి, ఏ అప్పు మీద, వచ్చాక ఎక్కడ పాక వేసుకున్నారు, ఎవరు వేసుకోనిచ్చారు. ఇవేవీ అడగకుండా వలస అనే మాట వాడటమంటే కులాన్ని దాచడానికి మర్యాదైన మాట ఒకటి దొరికిందని సంతోషపడటమే.

రేవు గురించి రాసేవాళ్లు ఇష్టంగా చెప్పే సంగతి ఒకటుంది. రేవు కట్టేటప్పుడు అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అడ్డం వేశారు. వాటి పేర్లు జానస్, వెలెడ్‌సన్. ముంచేసిన తుక్కు ఓడలకు చరిత్రలో పేర్లున్నాయి. మేఘాద్రిగెడ్డ ఉప్పుటేరు బురదలో దిగిన కూలివాళ్లకు లేవు. విశ్వవిద్యాలయం సైన్సు కాలేజీకి జయపురం మహారాజు విక్రమదేవవర్మ పేరుంది. ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు కాబట్టి పేరుండటంలో తప్పేమీ లేదు. జయపురం ఎస్టేటులో ఆ లక్ష ఎవరి శిస్తు నుంచి, ఎవరి వెట్టి నుంచి వచ్చిందన్నది మాత్రం కాలేజీ చరిత్రలో భాగం కాదట.

మేము మద్దిలపాలెం వైపు నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇది రేవూ కాదు, ఉక్కు టౌన్‌షిప్పూ కాదు. ఎవరూ శంకుస్థాపన చేసిన చోటు కాదు. ఇవాళ మద్దిలపాలెం అంటే జాతీయ రహదారి మీద ఆర్టీసీ డిపో, కృష్ణా కాలేజీ, షాపింగ్ మాలు, ట్రాఫిక్కు. శ్రీకాకుళం, విజయనగరం బస్సుల్లో వచ్చినవాళ్లకు నగరం తగిలే చోట్లలో ఇదొకటి. పక్కనే విశ్వవిద్యాలయం. పేరు చూస్తే పాలెం. చుట్టూ కూడా పాలేలే: రేసపువానిపాలెం, శివాజీపాలెం, ఇంకాస్త అవతల కంచరపాలెం, మర్రిపాలెం. ఇంటిపేరుతోనో చెట్టు పేరుతోనో పిలుచుకున్న ఊళ్లు, వాటి పొలాలు, చెరువులు, గెడ్డలు. నగరం కింద ఉన్న నేల ఇది. ఈ నేల మీద నగరం ఎట్లా ఎక్కిందో తెలియాలంటే పక్కనున్న ఎం.వి.పి. కాలనీ పేరు చాలు. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల వెనక ఉన్నది మువ్వలవానిపాలెం. పాలెం పొట్టి అక్షరాలైపోయి కాలనీ అయింది. అక్కడ ప్లాటు కొనుక్కున్నవాళ్లలో ఎంతమందికి ఆ మువ్వలవాళ్లు ఎవరన్న ఆలోచన వచ్చిందో! పేరు మారితే ఊరు చరిత్రలోంచి తప్పుకుంటుంది. ఊరు తప్పుకున్నాక ఆ ఊరి అంచున ఉన్న పేట సంగతి చెప్పేదేముంది.

ఉత్తరాంధ్రలో వలస అనే మాట కొత్తగా వచ్చింది కాదు, అది ఊరి పేరులోనే ఉంది. కొత్తవలస, మద్దువలస. కరువుకో, జమీందారు బాధకో, కొత్త చెరువు కిందికో కదిలిపోయిన జనం వేసుకున్న ఊళ్లకు ఆ పేరు మిగిలింది. అంటే ఈ ప్రాంతపు జనానికి కదలటం అన్నది విడ్డూరం కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. దాన్ని సిగ్గుపడాల్సిన పనిగా చేసింది నగరం. అదీ అందరికీ కాదు. పరాయి జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి కాలనీలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి ‘ఉద్యోగరీత్యా స్థిరపడ్డారు’ అంటాం. యుద్ధం వల్ల తిరిగొచ్చినవాణ్ణి ‘కాందిశీకుడు’ అంటాం. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి పోగొట్టుకున్నవాణ్ణి ‘నిర్వాసితుడు’ అంటాం. పొలంలేక, పనిలేక వచ్చి గెడ్డ పక్కన పాక వేసినవాణ్ణి మాత్రం ‘ఆక్రమణదారు’ అంటాం. నలుగురూ చేసింది ఒక్కటే, ఊరొదిలి రావటం. మాటల్లోనే ఒకడికి ఇల్లు, ఒకడికి సానుభూతి, ఒకడికి పరిహారం, ఒకడికి బుల్‌డోజరు పంచిపెట్టేశారు. ఈ మాటలు కులాన్ని ఎక్కడా పలకవు. పలకకుండానే పంపకం చేస్తాయి.

ఉక్కు నిర్వాసితుల సంగతి పాఠకులకు తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. అరవైకి పైగా గ్రామాల నుంచి పదహారు వేలకు పైగా కుటుంబాలు లేచిపోయాయి. ఆర్-కార్డు చేతికొచ్చినా ఉద్యోగం రానివాళ్లు దాదాపు సగం. భూమికి పరిహారం అన్నప్పుడు భూమి ఉన్నవాడి లెక్క ముందు తేలుతుంది. ఆ భూమిలో తరతరాలుగా కూలి చేసినవాడు పోగొట్టుకున్నదాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు? 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఫ్యాక్టరీని అమ్మటానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న నాటి నుంచీ ఆంధ్రుల హక్కు అన్న నినాదం మళ్లీ లేచింది. లేవాల్సిందే. అయితే ఆ ఆంధ్రులు అన్న మాటలో పేటవాళ్లు ఎప్పుడు లెక్కలోకి వస్తారన్న ప్రశ్న 1966లో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.

మేము ఎక్కువసేపు ఆగాల్సింది రంగం దగ్గర.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో ‘రంగం ఎల్లిపోనాడు’ అన్న మాటకు పెద్ద వివరణ అక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి 1930ల దాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలిజనం కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్లారు. అక్కడివాళ్లు మనవాళ్లని ‘కొరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు జాతి పేరై, చివరికి తిట్టు అయింది. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో పది లక్షలమంది భారతీయులుంటే వాళ్లలో తెలుగువాళ్లు లక్షన్నర వరకూ ఉన్నారు. నాలుగు లక్షల రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలాగింది ఎక్కువగా తెలుగువాళ్లు. మునిసిపాలిటీ పాకీపని చేసిందీ వాళ్లే. కూలీలను కూర్చింది మేస్త్రీలు. ఓడ చార్జీకి అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా కూలి తమ చేతిమీదుగా ఇచ్చి, అందులోంచి కోసుకునేవాళ్లు. ఈ పద్ధతి మీద రాయల్ కమిషన్ ముందూ, 1930లలో వెలువడిన రిపోర్టుల్లోనూ బోలెడు సమాచారం ఉంది. మన చరిత్రకారుల్లో అడపా సత్యనారాయణ ఈ వలసల్ని కుల సమూహాల వలసలుగా చూడటానికి దారి తీశారు. అది గట్టి పని. కాని విశాఖ స్థానిక చరిత్రల్లోకి ఆ పని ఇంకా దిగలేదు.

ఒక అభిప్రాయం చాలాకాలంగా చెలామణిలో ఉంది. సముద్రం దాటితే కులం పోయిందని, రంగంలో అందరూ కూలీలే, అందరూ కొరంగీలే అని. వలసను వర్గదృష్టితో మాత్రమే చూసేవాళ్లకు ఈ మాట నచ్చుతుంది. మేము దీన్ని ఒప్పుకోం. బర్మావాడి కళ్లకు అందరూ ఒక్కటే కావచ్చు. కాని మేస్త్రీ ఎవరు, మేస్త్రీ కింద బస్తా మోసింది ఎవరు, దొడ్లు ఎత్తింది ఎవరు అని విడదీసి చూస్తే ఊళ్లో ఉన్న మెట్లే అక్కడ పనుల పేర్లతో నిలబడ్డాయి. అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటేయకూడదు. ఊళ్లో కూలి ధాన్యంలో, అదీ కామందు బుద్ధి పుట్టినప్పుడు. రంగంలో కూలి డబ్బులో. మేస్త్రీ ఎంత కోసినా చేతికొచ్చిన నాలుగు రూపాయలు మనియార్డరుగా ఊరికి వస్తే, పేటలో ఒక కుటుంబం ఆ ఏడు కామందు గుమ్మం ఎక్కకుండా గడుపుకోగలదు. దళితులకు వలస అంటే ఒక్క కష్టమే కాదు, గుమ్మం తప్పించుకోవటం కూడా. పట్నవాసాన్ని ఊరినుంచి వేరుపడ్డ విషాదంగా మాత్రమే రాసే రచయితలు ఈ ముక్క పట్టించుకోరు. వాళ్లు పోగొట్టుకున్న ఊరు వేరు, మనవాళ్లు వదిలించుకున్న ఊరు వేరు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించాయి. రాజీ కుదిరాక వాళ్లను పొమ్మన్నాయి. తన్నులాట లేచి, ఊరంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. చచ్చింది ఎక్కువగా తెలుగు కూలీలు. మన జాతీయోద్యమ చరిత్రల్లో 1930 మే అనగానే ఉప్పు గుర్తొస్తుంది. ఉప్పు గుర్తుండటం మంచిదే. అదే నెలలో గోడౌన్లలో దాక్కుని చచ్చిన శ్రీకాకుళం, విశాఖ కూలీల సంగతి పాఠ్యపుస్తకంలో ఒక పంక్తికి కూడా నోచుకోకపోవటానికి మాత్రం ఎవరు సమాధానం చెప్పాలి?

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. వేలాదిమంది కాలినడకన బయల్దేరారు. కూలీలు పోతే రేవు ఆగిపోతుందని, ఊరు కుళ్లిపోతుందని బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లను వెనక్కి తిప్పటానికి చూసింది. మగకూలీలకు ఓడ డెక్కు టిక్కెట్లు దొరక్కుండా ఆంక్షలు పెట్టింది. టిక్కెట్టుకు డబ్బున్నవాడు ఓడలో పోయాడు. లేనివాడు అరకాన్ కొండలు, మణిపురం అడవులు పట్టుకుని నడిచాడు. భూమార్గాన నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారని, దారిలో పదుల వేలమంది కలరా, మలేరియా, ఆకలితో పడిపోయారని ఆ కాలం మీద పనిచేసిన చరిత్రకారులు అంటారు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అన్న విమర్శ ఆనాడే గట్టిగా వచ్చింది. వచ్చినవాళ్లు ఏ ఊరికి వచ్చారు? 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా జపాను బాంబులు పడ్డాయి. పట్నంలో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు బళ్లు కట్టుకుని లోపలి ఊళ్లకు పోయారు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయం కూడా గుంటూరు తరలిపోయింది. విశాఖ ఖాళీ అయిపోయిందని స్థానిక చరిత్రలు రాస్తాయి. ఎవరితో ఖాళీ అయింది? పరుగెత్తటానికి ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లున్నవాళ్లతో. లేనివాళ్లు ఇక్కడే ఉన్నారు. రేవు పని ఆగలేదు కదా, ఎవరో చేశారు.

రెండో విడత 1962 తర్వాత. నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు జాతీయం చేసింది. 1964 మేలో యాభై, వంద క్యాట్ నోట్లు రద్దు చేసింది. దాచుకున్నది కాగితమైంది. ఓడల్లో వచ్చినవాళ్లకు మద్రాసులో, ఆంధ్రలో క్యాంపులు వేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అట్లా ఏర్పడినదే. ఈ క్యాంపు గురించి ఈమధ్య పత్రికల్లో తరచూ రాస్తున్నారు. దేని గురించి? ఖౌస్వే గురించి. నూడుల్సు, కొబ్బరిపాల పులుసు, వేయించిన ఉల్లిపాయలు, ఎంత రుచో! తిండి కూడా చరిత్రే, మాకు దానితో తగాదా లేదు. రెండు దేశాల్లో కూలిచేసిన ఆడవాళ్ల చేతి వంట అది. కాని మూడు తరాల గెంటివేతను ఒక గిన్నె నూడుల్సు చేసి వడ్డించేసి, తిన్నవాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేట్టు రాయటం మీద మా అభ్యంతరం. క్యాంపు అన్న మాట తాత్కాలికం. అరవై ఏళ్లు దాటినా ఆ పేరు అట్లాగే ఉంది. ప్రభుత్వం కాందిశీకులుగా గుర్తించింది కాబట్టి వాళ్లకు స్థలం, అప్పు అనే మాటలైనా కాగితం మీద ఉన్నాయి. తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో ఏకంగా ఒక సహకార బ్యాంకే పెట్టారు, రెప్కో. 1942లో నడిచొచ్చి ఊరికి పోలేక పట్నం అంచున ఆగిపోయిన కూలికి అటువంటి బ్యాంకు లేదు. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చినవాడికి అసలే లేదు. దేశం దాటి తిరిగొస్తే పునరావాసం, జిల్లా దాటి వస్తే ఆక్రమణ.

సాహిత్యం సంగతికొద్దాం. విశాఖ గురించి రాసినవాళ్లలో రావిశాస్త్రిని దాటి పోలేం. ఆరు సారా కథల్లో కోర్టు వరండాల్లో, పోలీసు స్టేషన్లలో నలిగిన జనాన్ని ఆయన వాళ్ల మాటలోనే నిలబెట్టాడు. ఉత్తరాంధ్ర మాటకు అంత బలం ఉందని తెలుగు పాఠకుడికి చూపించింది ఆయనే. ఆ గౌరవం గౌరవమే. కాని ఆ కథల్లో బీదవాడు బీదవాడుగా మన ముందుకొస్తాడు, చట్టం చేతిలో నలుగుతాడు, ఏ పేట నుంచి వచ్చాడన్నది నేపథ్యంలో ఉండిపోతుంది. చట్టం అందరు బీదవాళ్లనీ ఒక్క తీరుగా నలపదు. సారా కేసులో ఎవణ్ణి ముందు పట్టుకుంటారో ఏ పేటవాడినడిగినా చెబుతాడు. కాళీపట్నం రామారావు దగ్గర ఇంకో సంగతి ఉంది. ‘చావు’ కథలో, 1964లో వచ్చిన ‘యజ్ఞం’లో పేట కులంతో సహా స్పష్టంగా ఉంది. ‘జీవధార’లో పట్నంలో పేద ఆడవాళ్లు నీళ్లకోసం బంగళా గేటు ముందు నిలబడతారు. నీళ్లు అనగానే తెలుగు దేశంలో కులం గుర్తు రావాలి. చెరువుగట్టు మీద ఆగి ఎవరైనా పోస్తారేమోనని చూసిన ఆడవాళ్ల మనవరాళ్లే కుళాయి దగ్గర క్యూ కట్టారు. ఊరి చెరువుకూ పట్నం కుళాయికీ మధ్య దారి ఉంది. ఆ దారి కథ ఇంకా రాయలేదు. ఎవరు రాయాలో మేము చెప్పక్కర్లేదు.

2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమాను కూడా ఇక్కడే చూడాలి. నటులు కాని స్థానికులు తమ వీధుల్లో తామే నటించటం తెలుగు సినిమాలో చిన్న సంగతి కాదు. హైదరాబాదు సెట్టులో వేసిన విశాఖ కంటే వెయ్యి రెట్లు మేలు. అందులో జోసెఫ్, భార్గవిల ప్రేమకు కులమతాలు అడ్డొస్తాయి. ఒక క్రైస్తవ యువకుడు, ఒక బ్రాహ్మణ యువతి. ప్రేక్షకుడికి అది మత భేదంగా ముందు కనిపిస్తుంది. ఉత్తరాంధ్రలో జోసెఫ్ అన్న పేరు వినగానే ఊరు ఏం అనుకుంటుందో, పేరు వెనక ఏ పేటను వెతుకుతుందో మనందరికీ తెలుసు. సినిమా ఆ తెలిసిన సంగతి మీద ఆధారపడి నడుస్తుంది, పైకి మాత్రం అనదు. మరి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జోసెఫ్‌కు ఎస్సీ సర్టిఫికెట్టు కూడా రాదు. ప్రేమలో కులం అడ్డొస్తుంది, కాగితం దగ్గర కులం లేదంటారు. ఆ రెండూ కలిపి చూపించే సినిమా రావాల్సి ఉంది.

ఇంతవరకూ మాలపేట అన్నాం. విశాఖ నగరం గురించి రాస్తూ రెల్లివాళ్ల గురించి రాయకపోతే మేమూ ఆ పాత స్థానిక చరిత్రకారుల పక్కనే కూర్చోవాల్సి వస్తుంది. రెల్లివీధి ఈ పట్నంలో పాత వీధుల్లో ఒకటి. 1909లో థర్‌స్టన్ కులాల పుస్తకంలో రెల్లి అన్న పద్దు ఉంది, తోటపని, పళ్లమ్మకం, పాకీపని అని. వాళ్లకు ఇంట్లో మాట్లాడుకునే సొంత మాట ఉంది, అది తెలుగు కాదు, ఒడియాకు దగ్గర. మునిసిపాలిటీలు పుట్టినప్పుడు ఊడ్చేపని, ఎత్తేపని వాళ్ల నెత్తిన పెట్టారు. ఇక్కడ వలస నియమం తిరగబడుతుంది. మిగతావాళ్లకు పట్నం అంటే కులవృత్తి వదిలే అవకాశం. రెల్లివాళ్లకు పట్నమే కులవృత్తిని తయారుచేసి ఇచ్చింది. ఊళ్లో లేని పని పట్నంలో పుట్టి కులానికి అంటుకుంది. పట్నం పోతే కులం పలచబడుతుందని నమ్మే అంబేద్కరిస్టు మిత్రులు కూడా ఈ ముక్క మీద ఆగి ఆలోచించాలి.

వర్గీకరణ చర్చలో రెల్లివాళ్లను ఎప్పుడూ ఒక శాతంగానే చూశారు. 1990ల చివర్లో, 2000 చట్టంలో ఎ గ్రూపు, పన్నెండు కులాలు, ఒక శాతం. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ మొదటి గ్రూపు, మళ్లీ పన్నెండు కులాలు, మళ్లీ ఒక శాతం. మాల, మాదిగ వాదోపవాదాల మధ్య రెల్లి వాదం వినపడటానికి జాగా లేకపోయింది, ఈ విషయంలో దళిత పత్రికలు కూడా తమను తాము అడగాల్సినవి ఉన్నాయి. ఇంకొకటి. ఒక శాతం రిజర్వేషన్ పర్మినెంటు ఉద్యోగాల్లో. ఊడ్చే పని ఏమో కాంట్రాక్టుకీ అవుట్‌సోర్సింగుకీ పోయింది. రిజర్వేషన్ వచ్చిన గది తలుపు ఒకటి, పని ఉన్న గది తలుపు ఇంకొకటి.

వీళ్లంతా ఎక్కడ కాపురం పెట్టారు? నగరం పనికిరాదని వదిలేసిన చోట. విశాఖకు కొండలెక్కువ, గెడ్డలెక్కువ. కార్పొరేషన్ భాషలో ‘కొండవాలు ప్రాంతాలు’ అని ఒక మాటే ఉంది. కొండ మీదికి ఇటుక, ఇసుక, నీళ్లు అన్నీ నెత్తినెక్కాలి. పైకి పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది, ఆడవాళ్ల మోకాళ్లు అరుగుతాయి. 2011 జనగణనలో దేశంలోని పది లక్షలు దాటిన నగరాలలో మురికివాడల కుటుంబాల శాతం అందరికన్నా ఎక్కువ ఉన్నది విశాఖలో, నూటికి 44. బొంబాయి కూడా దీని తర్వాతే. 1988లో బ్రిటిష్ ప్రభుత్వ డబ్బుతో ఇక్కడ మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. రోడ్లు, కాలవలు, దీపాలు వచ్చాయి, వాటిని మేము తీసిపారేయం. అయితే అభివృద్ధి అయిన చోట భూమికి ధర వచ్చింది, ధర వచ్చిన చోటినుంచి జనాన్ని దూరంగా పంపటం మొదలైంది. ఆరిలోవ వైపు, మధురవాడ, కొమ్మాది వైపు. విశ్వవిద్యాలయం, మద్దిలపాలెం చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు తోమే ఆడమనిషికి పని ఇక్కడ, ఇల్లు అక్కడ. మధ్యలో బస్సు చార్జీ ఆమె జీతంలోంచి.

అసలు మనవాళ్లు రావటం ఎందుకు ఆగటం లేదు? జవాబుకు పట్నంలో వెతకక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో మద్దువలస రిజర్వాయరు కట్టారు. లక్ష్మీపేట ఆ ప్రాజెక్టు నిర్వాసితుల ఊరు. మునగగా మిగిలిన భూమిని దళితులు దున్నుకున్నారు. 2012 జూన్ 12 పొద్దున్న అయిదుగురు మాలలను చంపేశారు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మళ్లీ ఆ స్థాయి దాడి. కాలువ కింద నాలుగు సెంట్లు దున్నుకున్నందుకు ప్రాణం తీసే ఊరునుంచి బయల్దేరినవాడికి కొండవాలు మీది పాక స్వేచ్ఛలాగా కనపడితే ఆశ్చర్యం ఏముంది? వాణ్ణి పట్టుకుని, పల్లెలు ఖాళీ అయిపోతున్నాయే అని కన్నీళ్లు పెట్టే కవుల్ని చూస్తే మాకు నవ్వొస్తుంది.

ఇక కాగితాల సంగతి. కుల సర్టిఫికెట్టు కావాలంటే సొంత ఊరు చూపించాలి. 1993లో వచ్చిన చట్టం దొంగ సర్టిఫికెట్లు ఆపటానికి వచ్చింది, ఆ అవసరం నిజంగానే ఉంది. ఆచరణలో మాత్రం విచారణ అంతా ఊరి చుట్టూ తిరుగుతుంది. మూడు తరాల కింద వదిలేసిన ఊరికి, ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టని ఊరికి, ఆనాటి కామందు వారసుడే పెద్దమనిషైన ఊరికి వెళ్లి, నేను ఈ పేటవాణ్ణేనని సాక్ష్యం తెచ్చుకోవాలి. రాష్ట్రం దాటితే అదీ లేదు. మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది: ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు హోదా ఉన్నవాడు ఇంకో రాష్ట్రానికి పోతే అక్కడ ఆ హోదా చెల్లదని. ఆ కేసు కూడా ఆంధ్ర నుంచి బొంబాయి వలస వెళ్లిన కుటుంబానిదే. అంటరానితనం మనిషి వెంట బస్సెక్కి వస్తుంది, రక్షణ మాత్రం సొంత ఊరి పొలిమేర దగ్గరే దిగిపోతుంది.

ఇంటి పట్టా దగ్గర ఇదే ఇంకో వైపు నుంచి. క్రమబద్ధీకరణ ఉత్తర్వు ఎప్పుడు వచ్చినా అందులో ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ఫలానా తేదీకి ముందునుంచి ఉన్నావా, రుజువేది? సర్టిఫికెట్టుకు మీరు ఇక్కడివాళ్లు కాదు, ఊరినుంచి తెచ్చుకోండి అంటారు. పట్టాకు మీరు ఇక్కడే ఉన్నారని రుజువు చేయండి అంటారు. ఒకే కుటుంబం ఒక ఆఫీసులో వచ్చినవాళ్లని, ఇంకో ఆఫీసులో ఉన్నవాళ్లని నిరూపించుకోవాలి.

అందుకే పేట చరిత్ర రాయటం మాకు సాహిత్యాభిరుచి వ్యవహారం కాదు. తేదీ ఉన్న ప్రతి ముక్కా ఒక రుజువు. మద్దిలపాలెం, కంచరపాలెం, రెల్లివీధి, బర్మా క్యాంపు చుట్టూ పనిచేయదలచిన విద్యార్థి మిత్రులు గెజిటీర్లతో మొదలుపెట్టొద్దని మా మనవి. 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరు, 1869 నాటి కార్మైకేల్ మాన్యువల్ తర్వాత చదువుకోవచ్చు, లైబ్రరీలో ఎక్కడికీ పోవు. ముందు ఇళ్లలో ఉన్నవి చూడండి: పాత రేషను కార్డులు, కరెంటు మీటరు కాగితం, రేవు యూనియన్ చందా రసీదులు, బడి టీసీలు, చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు, బర్మానుంచి తెచ్చిన ఓడ కాగితాలు, ఎవరి ట్రంకుపెట్టె అడుగునో ఉండే చెల్లని క్యాట్ నోటు. మగవాళ్లు సంవత్సరాలు మర్చిపోతారు. ఆడవాళ్లనడిగితే ఏ పిల్ల ఏ పాకలో పుట్టింది, ఆ పాక ఏ తుపానుకు ఎగిరిపోయింది వరసగా చెబుతారు. తుపాను తేదీలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పేర్లు అచ్చేసే ముందు వాళ్లనడగండి, పాక ఎక్కడుందో రాస్తే కూల్చేవాడికి కూడా అడ్రసు దొరుకుతుంది. కాగితాన్ని ఫొటో తీసుకుని అక్కడే వాళ్ల చేతిలో పెట్టేయండి. తీసుకెళ్లి మీ డిపార్ట్‌మెంటు బీరువాలో పెట్టొద్దు, పట్టా విచారణకు వాళ్లకది కావాలి.